పడక పుండు పైకి తేలక ముందే

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి, కోచింగ్ సెంటర్ల హోర్డింగులు దాటి కాలనీల గల్లీల్లోకి మళ్లితే వేరే రకం కాగితాలు కనబడతాయి. కరెంటు స్తంభాలకు, మూసిన షట్టర్లకు అంటించినవి: హోమ్ నర్సింగ్, పేషెంట్ కేర్, ఆయాలు, వృద్ధుల సంరక్షణ, 12 గంటల డ్యూటీ, 24 గంటల డ్యూటీ. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం దాకా ఇదే వరుస. ఈ పని ఇక్కడ ఇంతగా ఎందుకు పెరిగిందో ఊహించడం కష్టం కాదు. విజయవాడ హైవే మీద సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు బస్సు దిగేది ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గరే. మరోపక్క, ఉద్యోగాల్లో ఉండగా లోన్లు తీసి ఈ కాలనీల్లో ఇళ్లు కట్టుకున్న తరం ఇప్పుడు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉంది. పిల్లలు గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ఉంటారు. పని కావలసినవాళ్లు, మనిషి కావలసినవాళ్లు ఒకే కూడలి చుట్టూ చేరారు.

ఆ కాగితాల కింద సేవల జాబితా ఉంటుంది. బీపీ, షుగర్ చూస్తారు, ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్‌లో పాలు పోస్తారు, డైపర్ మారుస్తారు. చర్మం మాట సాధారణంగా ఉండదు. ఇంటివాళ్లూ అడగరు. మంచాన పడ్డ మనిషికి ఆ తర్వాత వచ్చే పెద్ద ఆపదల్లో ఒకటి మాత్రం చర్మం వైపు నుంచే వస్తుంది. దాన్ని అందరికంటే ముందు పట్టుకోగలిగేది వారానికోసారి వచ్చే డాక్టరు కాదు, రోజూ ఒళ్లు తుడిచి బట్టలు మార్చే ఆయా, లేదా మగ పేషెంట్ల దగ్గర ఉండే అటెండరు. వాళ్లకు మనం నేర్పుతున్నది బీపీ మెషిన్ బటన్ నొక్కడం.

పడక పుండు, బెడ్ సోర్, ఏ పేరుతో పిలిచినా అది చిన్న విషయం కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. సూపర్‌మ్యాన్‌గా నటించిన క్రిస్టఫర్ రీవ్ గుర్రం మీద నుంచి పడి మెడ కింది భాగమంతా చచ్చుబడ్డాక తొమ్మిదేళ్లు బతికాడు. డబ్బుకు, మనుషులకు, మంచాలకు కొదవ లేదు. 2004 అక్టోబర్‌లో, పడక పుండు నుంచి ఒంట్లోకి పాకిన ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స జరుగుతుండగా గుండె ఆగి చనిపోయాడు.

పుండు ఎక్కడ మొదలవుతుంది

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా పుండు పడదు. నిద్రలోనే, మనకు తెలియకుండానే ఎన్నోసార్లు ఒత్తిగిలుతాం. ఒకచోట బరువు ఎక్కువసేపు పడితే అక్కడి నరాలు మెదడుకు కబురు పంపుతాయి, తుంటి కాస్త పక్కకు జరుగుతుంది. షుగర్‌తో కాళ్ల నరాలు మొద్దుబారినవారిలో ఆ కబురు బయల్దేరదు. పక్షవాతం వచ్చినవారిలో కబురు అందినా కండరం మాట వినదు. డిమెన్షియా ముదిరితే రెండూ ఉన్నా కదలాలన్న ఆలోచన రాదు. తుంటి విరిగిన మనిషికి అన్నీ తెలుసు, నొప్పికి భయపడి కదలడు.

కదలకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఒక అంకె చాలాకాలం ఏలింది. 1930లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రవేత్త అతి సన్నని గాజు గొట్టంతో గోరు మొదట్లోని కేశనాళికల్లో రక్తపీడనం కొలిచాడు. ధమని వైపు అంచున సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం తేలింది. అంతకు మించి బయటి నుంచి నొక్కితే రక్తం ఆగిపోతుందని, చర్మం చచ్చిపోతుందని పాఠ్యపుస్తకాలు రాసుకున్నాయి. కానీ ఆయన కొలిచింది వేలి కొస, ఎనభై ఏళ్ల అమ్మమ్మ తుంటి కాదు. 1959లో మైకేల్ కోసియాక్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో మరో సంగతి బయటపడింది. ఒత్తిడి ఎంత అన్నదొక్కటే చాలదు, ఎంతసేపు అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎక్కువ ఒత్తిడి తక్కువసేపు చేసే హాని, తక్కువ ఒత్తిడి ఎక్కువసేపు కూడా చేస్తుంది. అందుకే మెత్తటి పరుపు మీద కూడా గంటల తరబడి కదలని మనిషికి పుండు పడుతుంది.

1981లో పందుల మీద జరిగిన ప్రయోగాల్లో అంతకంటే ముఖ్యమైన విషయం తెలిసింది. ముందు చచ్చేది చర్మం కాదు, ఎముకను ఆనుకుని ఉన్న కండరం. చర్మం ఆ ఒత్తిడిని చాలాసేపు ఓర్చుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పరిశోధకులు ఆ తర్వాత దీనికి ఇంకో కారణం చూపించారు. రక్తం ఆగడం ఒక్కటే కాదు, ఎముకకూ పరుపుకూ మధ్య నలిగి కణం తన రూపం కోల్పోవడం వల్లే దెబ్బ తినవచ్చు. ఆ దెబ్బకు గంటలు పట్టవు, నిమిషాలు చాలు.

కొత్తపేటలో ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. ఇప్పుడది బాటసింగారం వైపు తరలిపోయింది. ఆ పాత మార్కెట్లో మామిడి బేరం చేసినవాళ్లకు ఒక రకం కాయ గుర్తుండే ఉంటుంది. తోలు నిగనిగలాడుతుంది, వాసన బాగుంటుంది, ఇంటికి తెచ్చి కోస్తే టెంక చుట్టూ నల్లగా కుళ్లి ఉంటుంది. లోతు పడక పుండు అలాంటిదే. ఎముక దగ్గర మొదలై బయటికి వస్తుంది. పైకి ఊదారంగు మచ్చగా కనబడేసరికి రెండు మూడు రోజులు గడిచి ఉండవచ్చు.

ఈ రెండు మూడు రోజుల తేడాకు ఇళ్లలో చాలా విలువ ఉంది, ఎందుకంటే తప్పు ఎవరిదన్న తగువు అక్కడే పుడుతుంది. తుంటి ఆపరేషన్ అయి సోమవారం డిశ్చార్జ్ అయిన పెద్దాయన దగ్గరికి మంగళవారం కొత్త ఆయా వచ్చిందనుకుందాం. బుధవారం నడుము కింద నల్లటి మచ్చ తేలింది. ఇంట్లో అందరూ ఆమె వైపే చూస్తారు. ఆ మచ్చకు కారణం ఆపరేషన్ బల్ల మీద గడిచిన గంటలు కావచ్చు, ఎమర్జెన్సీ గది స్ట్రెచర్ కావచ్చు, ఇంట్లో కిందపడి ఎవరూ చూడక నేల మీదే గడిచిన రాత్రి కావచ్చు. కాబట్టి శిక్షణలో మొదటి పాఠం మందుల గురించి కాదు. డ్యూటీలో చేరిన మొదటి గంటలో, ఇంటివాళ్లలో ఒకరిని పక్కన పెట్టుకుని తల వెనక నుంచి మడమ దాకా ఒళ్లంతా చూసి తేదీతో రాసిపెట్టుకోవడం. అది పేషెంటుకూ మేలు, ఆమెకూ రక్ష.

తప్పు ఎవరిదన్న వాదం కొత్తది కాదు. 1859 ప్రాంతంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలో పడక పుండు సాధారణంగా రోగం వల్ల కాదు, నర్సింగ్ లోపం వల్ల వస్తుందని రాసింది. తర్వాత కొద్దికాలానికే పారిస్‌లో షార్కో అనే పేరుమోసిన నరాల వైద్యుడు, నరం దెబ్బతింటే పుండు రావలసిందేనని, ఆపలేమని బోధించాడు. ఆయన మాటకున్న బరువు వల్ల ఆ నిరాశ కొన్ని దశాబ్దాలు చెల్లింది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు తెరిచి, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క మార్పించి షార్కో మాట తప్పని చేసి చూపించాడు. పారాలింపిక్స్‌కు మూలపురుషుడు ఈయనే. ఇవాళ్టి అవగాహన నైటింగేల్ వైపే మొగ్గినా పూర్తిగా కాదు. చాలా పుండ్లు ఆపగలిగినవే. అయితే చావుకు దగ్గరైన మనిషిలో గుండె, కిడ్నీల్లాగే చర్మమూ అలసిపోతుంది. ఎంత జాగ్రత్తపడినా చివరి రోజుల్లో వచ్చే అలాంటి పుండును అమెరికన్ నర్సు కేరెన్ కెన్నెడీ 1989లో వర్ణించింది. దానికి ఆయాను నిలదీయడం అన్యాయం.

ఎరుపు కోసం వెతికితే దొరకదు

ఇంగ్లండ్‌లో వృద్ధాశ్రమ సిబ్బంది కోసం రియాక్ట్ టు రెడ్ అనే శిక్షణ ఉంది. ఎముక ఉన్నచోట చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి చూడు, వదిలాక ఆ చోటు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోందని అర్థం, తెల్లబడకపోతే హాని మొదలైనట్టు. పాఠ్యపుస్తకాలూ చాలావరకు ఇదే చెబుతాయి, ఫోటోలూ ఎక్కువగా తెల్లచర్మానివే. వాటిని తెచ్చి తెలుగులో యథాతథంగా నేర్పితే మన దగ్గర పని చేయదు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఆ ఎరుపు కనబడదు, నొక్కినా తెల్లబడటం తెలియదు. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త నల్లగా, లేదా ఊదాగా, మెరుపుగా ఉండవచ్చు. ట్యూబ్‌లైట్ వెలుతురులో అదీ తెలియదు. మొదటి దశ దాటిపోయి, తోలు ఊడిన తర్వాతే కనుక్కుంటారు.

కంటి పనిని చేతికి అప్పగించడమే దీనికి మార్గం. చేతివేళ్ల వెనక వైపుతో ఎముక మీది చర్మాన్ని, దాని పక్కనున్న చర్మాన్ని తాకి చూడాలి. ఒకచోట వేడిగా, పక్కన మామూలుగా ఉంటే అనుమానించాలి. హాని ముదిరితే చల్లబడటమూ ఉంటుంది. తర్వాత మెల్లగా నొక్కితే గట్టిగా తగులుతుందా, బురదలా మెత్తగా దిగిపోతుందా? పేషెంటు ముఖం చిట్లించాడా? తాకి చూడాల్సిన చోట్లు ఇవి: నడుము కింద పిరుదుల మధ్య ఎముక, రెండు తుంట్లు, మడమలు, చీలమండల పక్క ఎముక, మోచేతులు, భుజాల రెక్క ఎముకలు, తల వెనక భాగం, చెవులు. ఆక్సిజన్ మాస్క్ పట్టీ చెవి వెనక, రైల్స్ ట్యూబ్ ముక్కు అంచున, యూరిన్ పైపు తొడ మీద చేసే ఒత్తిడీ ఇదే కోవలోది. తెలిసినవారికి ఇదంతా స్నానం చేయించేటప్పుడు రెండు నిమిషాల పని.

కానీ ఇందులో మన ఇళ్లకే ప్రత్యేకమైన ఒక అడ్డంకి ఉంది. పుండ్లు ఎక్కువగా పడే చోటు కొడుకు చూడని, కోడలు చూడలేని, కూతురు కూడా మొహమాటపడే చోటు. తండ్రి నడుము కింద దుప్పటి ఎత్తి చూడటం మర్యాద కాదనుకునే ఇళ్లే ఎక్కువ. ఆ సిగ్గును తిట్టి లాభం లేదు. ఆ చూపు పని పూర్తిగా ఆయా మీదే పడుతుందని ఒప్పుకుని, ఆమె చెప్పిందాన్ని ఇంట్లో నమ్మేలా ఏర్పాటు చేసుకోవాలి. ఈ పనిలో ఉన్నవాళ్ల కష్టం సరిగ్గా ఇక్కడే ఉంది.

“అక్కా, అమ్మమ్మకు నడుం కింద జర వేడి తగుల్తుంది. ఒకసారి వచ్చి చూడుండ్రి.”

“పుండేం లేదు కదా? రేపు చూద్దాంలే.”

ఇలాంటి సంభాషణ తర్వాత ఆమె రెండోసారి చెప్పదు. చెబితే, నువ్వు సరిగ్గా చూసుకోలేదనే మాటే వస్తుందని తెలుసు. తాకి కనిపెట్టడం నేర్పినంత మాత్రాన సరిపోదు. చెప్పినందుకు నింద పడదన్న హామీ కూడా శిక్షణలో భాగమే, అది ఏజెన్సీకీ ఇంటివాళ్లకూ ఇవ్వాల్సిన శిక్షణ.

మంచితనంతో చేసే హాని

వేడి తగిలిన చోట ఏం చేయాలి? ఆ వైపు బరువు తీసేయాలి, అరగంట తర్వాత మళ్లీ చూడాలి, అంతే. మన చేతులు మాత్రం ఊరుకోవు. కొబ్బరినూనె తెచ్చి గట్టిగా మర్దనా చేస్తాం, రక్తం ఆడుతుందని. పాత నర్సింగ్ పద్ధతిలో స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి వీపు రుద్దేవాళ్లు, ఇప్పటికీ చాలాచోట్ల అదే నేర్పుతారు. ఎముక మీద ఇప్పటికే నలిగిన కండరాన్ని రుద్దడం అంటే లోపల చిట్లుతున్న సన్న రక్తనాళాలను ఇంకా చిట్లించడం. అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని వద్దంటున్నాయి. ఎండిపోయి పొట్టు రేగే కాళ్లకు, చేతులకు కొబ్బరినూనె పైపైన రాస్తే మంచిదే. మచ్చ మీద మర్దనా వద్దు.

మధ్యలో చిల్లున్న గాలి రింగు మీద కూర్చోబెట్టడం కూడా ఇలాంటిదే. మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది గానీ అంచు చుట్టూ పెరుగుతుంది, మధ్య భాగానికి రక్తం వచ్చే దారి మూసుకుపోతుంది. గ్లవ్స్‌లో నీళ్లు పోసి మడమల కింద పెట్టడం ఇంకా మానలేదు, దాంతో మడమ బరువు ఎటూ పోదు. పిక్క పొడవునా దిండు పెట్టి మడమ గాల్లో తేలేటట్టు చేస్తే సరిపోతుంది. మడమకూ పరుపుకూ మధ్య ఒక కాగితం అడ్డం లేకుండా దూరాలి.

తడి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చర్మం పైపొర సహజంగా కొంచెం ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ దాదాపు 4.5 నుంచి 5.5. సూక్ష్మజీవులను దూరం పెట్టేదీ, పొర కణాలను పట్టి ఉంచేదీ ఈ ఆమ్లగుణమే. మామూలు సబ్బు క్షారం, 9, 10 దాకా వెళ్తుంది. డైపర్‌లో నిలిచిన మూత్రంలో యూరియా విడిపోయి అమ్మోనియా తయారైతే పీహెచ్ పెరుగుతుంది, పెరిగిన పీహెచ్‌లో మలంలోని ఎంజైములు చురుకెక్కి పైపొరను తినడం మొదలుపెడతాయి. ఆ తర్వాత మనం శుభ్రం చేస్తున్నామని సబ్బుతో నాలుగైదుసార్లు రుద్దితే మిగిలిన పొర కూడా పోతుంది. మే నెలలో నలభై దాటిన ఎండలో, రబ్బరు షీటు మీద పడుకున్న మనిషికి చెమట వేరే. గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి నూలుగుడ్డతో అద్దినట్టు తుడిచి, ఆరనిచ్చి, జింక్ ఆక్సైడ్ క్రీమో పెట్రోలియం జెల్లీయో పల్చగా పూస్తే తడికీ చర్మానికీ మధ్య అడ్డుగోడ నిలుస్తుంది. పౌడర్ చల్లితే తడికి ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది.

డైపర్ వల్ల వచ్చే పుండు వేరు, ఒత్తిడి వల్ల వచ్చేది వేరు. మొదటిది రెండు పిరుదుల మీద, మడతల్లో, అంచులు తేలకుండా పరుచుకుంటుంది. రెండోది ఎముక మీద, అంచు స్పష్టంగా ఉంటుంది. క్రీమ్ రాస్తూ కూర్చుంటే రెండోది మానదు.

రెండు గంటల లెక్క

గుట్‌మన్ కాలం నుంచి రెండు గంటలకోసారి పక్క మార్చాలన్నది నర్సింగ్‌లో శాసనం. డిశ్చార్జ్ కాగితం మీద డాక్టరు అదే రాస్తాడు. ఇంట్లో ఉన్నది 24 గంటల డ్యూటీ ఆయా ఒక్కతే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నాలుగుసార్లు లేవాలి, నెలకు నూట ఇరవైసార్లు. పగలు వంట, బట్టలు కూడా ఆమెమీదే వేసిన ఇళ్లున్నాయి. ఆ రాత మీద సంతకం పెట్టినవాళ్లలో ఎవరూ ఒక నెల అలా నిద్ర లేచి ఉండరు. ఆమె లేవదు, లేచానని చెబుతుంది. నియమం కాగితం మీద నిలబడుతుంది, పుండు పేషెంటుకు పడుతుంది.

ఇక్కడ సైన్సు ఆయా పక్షాన ఉంది. నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందిని తీసుకుని, కొందరికి రెండు గంటలకు, కొందరికి మూడు, కొందరికి నాలుగు గంటలకోసారి పక్క మార్పించి మూడు వారాలు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించింది. పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అందరూ మంచి సాంద్రత ఉన్న ఫోమ్ పరుపుల మీద పడుకున్నవారు. వాళ్ల చర్మాన్ని చూసి రాసేవాళ్లు ఉన్నారు. ఇప్పటికే పుండు ఉన్నవారికి, బొత్తిగా కదలలేని బక్కచిక్కిన మనిషికి ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు. మిగిలిన చాలామందికి మాత్రం సరైన పరుపు కొని, రాత్రి నాలుగు గంటల విరామం ఇచ్చి, పొద్దున చర్మం చూసి నిర్ణయించుకోవడం అబద్ధపు రెండు గంటల కంటే మేలు. పొద్దున మచ్చ కనబడితే ఆ రాత్రి విరామం తగ్గించాలి. డాక్టరుతో మాట్లాడి ఈ లెక్క పెట్టుకోవడం మొహమాటపడాల్సిన విషయమేమీ కాదు.

కోఠి సర్జికల్ షాపుల్లో ఎయిర్ బెడ్ కొని వేసేసి నిశ్చింతగా ఉండటం ఇంకో పొరపాటు. గాలి గదులు ఒకటి విడిచి ఒకటి ఉబ్బి తగ్గుతూ ఒత్తిడిని మారుస్తాయి, మంచి పరికరమే. కానీ బరువుకు తగ్గట్టు గాలి సర్దాలి. అరచేయి పైకి పెట్టి, పరుపు కింద నుంచి నడుము ఉన్నచోటికి తోసి చూడాలి. చేతికి మనిషి ఎముక తగిలిందంటే ఆ పరుపు నేలతో సమానం. దాని మీద రబ్బరు షీటు, దుప్పటి, దాని మీద మడతపెట్టిన చీర, దాని మీద డైపర్ ప్యాడ్ వేస్తే డబ్బు పెట్టి కొన్న గాలి వృథా. కరెంటు పోతే మోటారు ఆగుతుందన్నదీ గుర్తుండాలి.

పక్క మార్చడమంటే ఎడమ నుంచి కుడికి పూర్తిగా దొర్లించడం కాదు. నిటారు పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి ముప్ఫై డిగ్రీల వాలు చాలు. మంచం తలవైపు ఎత్తి టీవీ చూపించినప్పుడు మనిషి మెల్లగా కిందికి జారతాడు, చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతుంది, ఎముక మాత్రం జారుతుంది. మధ్యలో రక్తనాళాలు సాగి మెలితిరుగుతాయి. అందుకే తలవైపు ముప్ఫై డిగ్రీలకు మించి ఎక్కువసేపు ఉంచొద్దంటారు. రైల్స్ ట్యూబ్‌లో పాలు పోసేటప్పుడు, పోశాక కాసేపు ఎత్తి ఉంచకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు నియమాలూ నిజమే, రెండూ కొట్టుకుంటాయి. ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, ఆ తర్వాత తల ఎత్తితే జారడం తగ్గుతుంది, గడువు తీరగానే దించేయాలి. పైకి జరపాలంటే చంకల్లో చేయి వేసి లాగొద్దు. కింద పరిచిన నూలు చీర నాలుగు మూలలు పట్టి ఇద్దరు ఎత్తి జరపాలి. రెండో మనిషి ఇంట్లోవాళ్లే కావాలి, కొడుకైనా సరే. ఆయా నడుముకూ డిస్కులుంటాయి.

తిండి దగ్గర మన పథ్యం ఎదురుతిరుగుతుంది. పుండు ఉంటే పప్పు పెట్టొద్దు, చీము పడుతుందని, గుడ్డు వేడి అని, వంకాయ, గోంగూర అసలే వద్దని జావ, పాలన్నం పోస్తూ ఉంటాం. చర్మం మళ్లీ కట్టుకోవడానికి ఇటుకలు ప్రోటీన్లే. ఆరోగ్యంగా ఉన్నవారికి భారత వైద్య పరిశోధన మండలి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలంటుంది, పడక పుండు ఉండి పోషణ తగ్గినవారికి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలని మార్గదర్శకాలు చెబుతాయి. యాభై కిలోల అమ్మమ్మకు అరవై నుంచి డెబ్భై అయిదు గ్రాములు. రెండు గుడ్లతో పన్నెండు, అరలీటరు పాలు పెరుగులతో పదహారు, యాభై గ్రాముల కందిపప్పుతో పదకొండు, అన్నం టిఫిన్లలో ఉన్నది కలిపితే అరవై దగ్గరికి వస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టరు సరిచేయాలి. చీముకు కారణం సూక్ష్మజీవులు, కందిపప్పు కాదు.

ఎవరు నేర్పాలి

నేర్పే చట్రం లేక కాదు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కింద జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే కోర్సులున్నాయి. స్నానం, దుస్తులు, మలమూత్రాలు, పక్క మార్చడం, మంచం నుంచి కుర్చీకి దించడం వాటి పాఠాల్లో ఉన్నాయి. కోవిడ్ రెండో అల తర్వాత 2021 జూన్‌లో కేంద్రం లక్షమందికి తలపెట్టిన కొద్దికాలపు శిక్షణలో హోమ్ కేర్ సపోర్ట్ కూడా ఒక విభాగం. తెలంగాణలో ఆలన పేరుతో పాలియేటివ్ కేర్ బృందాలు వాహనాల్లో మంచానపడ్డవారి ఇళ్లకు వెళ్లి కట్లు కట్టి, ఇంటివాళ్లకు చూపించి వస్తాయి. పుండ్ల విషయంలో నాకు తెలిసిన మంచి బడి అదే, ఎందుకంటే పాఠం అసలు మంచం పక్కనే జరుగుతుంది. కోర్సుల్లో చాలావరకు ప్లాస్టిక్ బొమ్మ మీద జరుగుతుంది. ఆ బొమ్మ వేడెక్కదు, నొప్పికి ముఖం చిట్లించదు, దాని రంగు ఎప్పుడూ గులాబీయే.

దిల్‌సుఖ్‌నగర్ ఏజెన్సీ ఒకటి తలుచుకుంటే ఒక్క మధ్యాహ్నంలో చేయగల పాఠం ఉంది. వచ్చినవాళ్లను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒకరిని గట్టి బల్ల మీద వెల్లకిలా, కదలకుండా ఇరవై నిమిషాలు పడుకోబెట్టాలి. పది నిమిషాలకే మడమలు, నడుము కింద ఎముక మాట్లాడతాయి. కదలాలనిపించినా కదలొద్దు. లేచాక రెండో మనిషి తాకి చూడాలి, ఎక్కడ వేడి, ఎక్కడ మామూలు. నల్లటి ఒంటి మీద ఏం కనబడుతుందో, ఏం కనబడదో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత పాత్రలు మార్చుకోవాలి. బోధించేవాడు కూడా పడుకోవాలి, నా ఉద్దేశంలో ఏజెన్సీ ఓనరు కూడా.

ప్రమాదాన్ని అంకెల్లో పెట్టడానికి బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1987లో ప్రచురించిన స్కేలును ఆసుపత్రులు వాడతాయి. స్పర్శ తెలియడం, తడి, మంచం దిగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి అనే ఆరు విషయాలకు మార్కులు. మొత్తం 6 నుంచి 23, తగ్గేకొద్దీ ముప్పు ఎక్కువ, 18 లేదా అంతకు తక్కువైతే జాగ్రత్తపడాలి. ఆయాకు ఆ మార్కులు వేయడం రానక్కర్లేదు. ఆ ఆరింటిలో నిన్నటికీ ఇవాళ్టికీ ఏది మారిందో చెప్పగలిగితే చాలు. నిన్న రెండు పూటలా తిన్నాడు, ఇవాళ ఒక పూటే. నిన్న తనే ఒత్తిగిలాడు, ఇవాళ లేదు.

ఆ మార్పు రాయడానికి ఒక నోట్‌బుక్ మంచం దగ్గరే ఉండాలి. ఆయా సెల్‌ఫోన్‌లో ఉంటే ఆమెతోపాటే పోతుంది. బతుకమ్మకో సంక్రాంతికో ఆమె ఊరెళ్తే ఏజెన్సీ పంపే బదులు మనిషి సాయంత్రానికి తలుపు తడుతుంది. ఆమెకు ఇంటివాళ్లు బాత్రూమ్ ఎక్కడ, పాల ప్యాకెట్ ఎప్పుడు, మాత్రలు ఏ డబ్బాలో అని చెబుతారు. ఎడమ మడమ మొన్నటి నుంచి వేడిగా ఉందని, కుడి వైపే ఎక్కువసేపు పడుకోబెడుతున్నామని, ఎయిర్ బెడ్ మీట మూడో గీత దగ్గర ఉండాలని చెప్పరు, వాళ్లకు తెలియదు కాబట్టి. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, చుట్టూ వాపు పాకుతున్నా, జ్వరం తగిలినా ఆ రోజే డాక్టరును పిలవాలన్న మాట నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. డాలస్ కొడుకు నంబరు దాని కిందే.